దవడకూ గ్రోతేనా!

మా కలిదిండిలో ‘గ్రోత్’ అన్న మాట చేపల మేత కొట్లో వినాలి. బొచ్చె, శీలావతి తొందరగా తూకానికి రావాలంటే ఏ డబ్బా కలపాలో అక్కడ చెబుతారు. అదే మాట ఈ వారం ఏలూరులో పళ్ల డాక్టరు నోట విన్నాను. ఆరేళ్ల కిందట నేను పీకించుకున్న పన్ను చోట దవడ ఎముక అరిగి సన్నబడిందట. ఇంప్లాంటు మర దిగాలంటే ముందు ఎముక పెంచాలి. చేతిలోంచి రక్తం తీసి మిషన్లో గిరగిరా తిప్పితే ప్లేట్‌లెట్లు చిక్కుకున్న మెత్తటి గడ్డ తేలుతుంది. అందులోని గ్రోత్ ఫ్యాక్టర్లు చుట్టుపక్కల కణాలకు ‘రండి, పని ఉంది’ అని కబురు పెడతాయి. ఆ గడ్డను ఎముక పొడిలో కలిపి పెడతారు. 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ బృందం చెప్పిన పద్ధతి ఇది, పేరు పీఆర్‌ఎఫ్.

దీనికి ముందు కథ ఉంది. 1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ ఖనిజం తీసేసిన ఎముక ముక్కను జంతువు కండలో పెడితే అక్కడ కొత్త ఎముక మొలిచింది. అలా మొలిపించే ప్రొటీన్లే బీఎంపీలు. ల్యాబులో చేసిన బీఎంపీ-2ను దవడకు వాడేందుకు 2007లో అక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. దాని ఖరీదు అలా ఉంచండి, వాపూ బాగానే వస్తుంది. సొంత రక్తంతో చేసేది చవక. కానీ అది గాయం మాన్పినంత గట్టిగా ఎముకను పెంచుతుందని చెప్పలేం. చెరువు గట్టు వేయాలంటే మట్టి కావాలి, కూలీలకు కబురు పెడితే చాలదు.

నా పాత పాట మీకు తెలిసిందే: ఒంటిని దాని మానాన వదిలేయాలి. మా నాయనమ్మ బోసినోటితోనే ఎనభై దాటింది. తాంబూలాన్ని చిన్న ఇత్తడి రోట్లో దంచుకునేది. ఆ టకటక వినపడితే ఆవిడ భోజనం అయిపోయినట్టు లెక్క. ఆవిణ్ని ఈ కాలమ్‌లోకి ఎన్నిసార్లు సాక్ష్యానికి పిలిచానో! ఈసారీ పిలవబోతుంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఆవిడ మాతో కూర్చుని తినేది కాదు. అందరం లేచాక గోడవైపు తిరిగి, మజ్జిగలో పిసికిన అన్నం తినేది. సంక్రాంతికి జంతికలు చుట్టేది తనే, నోట వేసుకునేది కాదు. ఓసారి ఒకటి చేతిలో పెడితే రోట్లో వేసి దంచింది. వక్క వాసన అంటిన ఆ పొడి చప్పరిస్తూ ‘‘బాగా కరకరలాడుతోందిరా’’ అంది. నేను పకపకా నవ్వాను.

మంగళవారం రక్తం ఇవ్వడానికి ఏలూరు బస్సెక్కుతున్నాను. ఎముక గట్టిపడటానికి నెలలు పడుతుందన్నారు డాక్టరు. సంక్రాంతి లోపు అవుతుందా అని అడిగాను.