దోమలను ఏరే చేతులు

మెల్‌బోర్న్ ఆగ్నేయాన కేరమ్ డౌన్స్ అంటే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది శివవిష్ణు ఆలయం. ఆ దగ్గర్లోనే సీఫర్డ్, ఎడిత్‌వేల్ చిత్తడి నేలలున్నాయి. నీళ్లున్నచోట దోమలుంటాయి. విక్టోరియా రాష్ట్రంలో ఆ దోమలను చదివే మనుషులూ ఉన్నారు. వాళ్ల పని నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

వేసవి సాయంత్రం డ్రై ఐస్ పెట్టిన బోను వేలాడదీస్తారు. అది వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను ఎవరి ఊపిరో అనుకుని ఆడదోమలు వస్తాయి. తెల్లారాక వాటిని చల్లగా ఉంచి ల్యాబుకు చేరుస్తారు. అక్కడ మైక్రోస్కోపు కింద, బియ్యంలో రాళ్లేరే అమ్మమ్మల ఓపికతో, జాతుల వారీగా విడదీస్తారు. తొండం మీద తెల్లటి పట్టీ కనబడితే క్యూలెక్స్ అనులిరోస్ట్రిస్ కావచ్చు; జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్‌ను ఆస్ట్రేలియాలో ముఖ్యంగా మోసేది అదే. జాతి తేలాకే దోమలను నూరి, పీసీఆర్‌తో వైరస్ కోసం వెతుకుతారు. ఏరడంలో తప్పు జరిగితే ఎంత ఖరీదైన యంత్రమూ ఆదుకోలేదు.

రోగి వైపు పని ఇంకా సున్నితం. దోమల వల్ల వచ్చే రాస్ రివర్ జ్వరంలో కీళ్లు పట్టేస్తాయి. రక్తంలో ఐజీఎం అనే యాంటీబాడీ ఒకసారి కనబడినంత మాత్రాన తేల్చేయరు. అది నెలల తరబడి నిలవగలదు. కొద్దివారాల తర్వాత మళ్లీ రక్తం తీసి, యాంటీబాడీలు పెరిగాయా అని పోల్చి చూస్తారు.

రాస్ రివర్ వైరస్ తొలిసారి చిక్కింది 1959లో, టౌన్స్‌విల్ దగ్గర పట్టిన దోమల్లో. దోమలు మోసే మరో వైరస్, బార్మా ఫారెస్ట్, 1974లో విక్టోరియా దోమల్లోనే దొరికింది.