వలస విమర్శకు అందని రాక: హైదరాబాద్ సిద్దీలు

తెలుగు వలస సాహిత్య విమర్శ పాలమూరు కూలీని, గల్ఫ్ కార్మికుణ్ణి, అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణుణ్ణి ప్రధానంగా పరిశీలించింది. వెళ్లినవారే దానికి వస్తువయ్యారు. ఇక్కడికి వచ్చినవారు అంతగా కాలేదు. హైదరాబాద్ సిద్దీలు ఇందుకు నిదర్శనం.

నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరే నేటి ఏ.సి. గార్డ్స్ పేట పేరు. 1948లో సంస్థానం విలీనమయ్యాక ఆ కొలువు పోయింది. వారి మర్ఫా మాత్రం నగర వేడుకల్లో నిలిచింది.

కర్ణాటక, గుజరాత్‌లలోని కొన్ని జిల్లాల సిద్దీలకు షెడ్యూల్డు తెగ హోదా ఉంది. తెలంగాణ జాబితాలో ఆ పేరు లేదు. జనగణనలోని తెగలవారీ లెక్కలు జాబితాననుసరించేవి కనుక వాటిలో ఇక్కడి సిద్దీలు విడిగా కనిపించలేదు. సికిల్ సెల్ వ్యాధి ఆఫ్రికా మూలాల జనాభాలో అధికం. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రధానంగా గిరిజన ప్రాంతాలకు ఉద్దేశించినది. జాబితాకెక్కని ఈ నగరవాసులు దాని పరిధికి వెలుపలే మిగిలిపోయే ప్రమాదముంది.

హైటెక్ సిటీకి చేరువలోని టోలిచౌకిలో నివసించే ఆఫ్రికన్ విద్యార్థికి, వీసా 180 రోజులు మించితే, విదేశీయుల నమోదు తప్పనిసరి. నిన్న వచ్చిన పరదేశికి నమోదు ఉంది. తరాలుగా ఉన్న పౌరునికి ఆ తెగలవారీ లెక్కల్లో సముదాయంగా చోటు లేదు. మర్ఫాను మెచ్చుకోవడంతో ఆగిన విమర్శకు ఈ వైరుధ్యం కనిపించదు. లెక్క లేనిచోట మౌఖిక చరిత్రే తొలి సాక్ష్యం. దాని సేకరణ తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం.