సెటిలయ్యేదెవరు, సెటిల్ చేసేదెవరు?

'సెటిల్' అనే మాటను ఇంకా ఇంగ్లీషు మాట అనుకోవడం మన భ్రమేనేమో. బడి మెట్లెక్కని ఆడవాళ్ల నోట కూడా అది తెలుగు క్రియలాగే నలుగుతోంది. దానికి సాటి మాటలు తెలుగులో లేవా అంటే ఉన్నాయి. స్థిరపడటం ఉంది, కుదురుకోవటం ఉంది. కుదురు అంటే కుండ ఒరిగిపోకుండా కింద పెట్టే చుట్ట. అంత చక్కటి మాట చేతిలో ఉండగా అరువు మాట ఎందుకు తెచ్చుకున్నాం? కుదురుకోవటంలో మనసుంది, ఒళ్లుంది, కాపురముంది. కట్నం, పొలం, ఉద్యోగం, వీసా లేవు. వీటన్నిటినీ ఒక్క మూటగా కట్టి, లోపల ఏముందో చెప్పకుండానే చేతికివ్వగల మాట మనకి కావలసివచ్చింది. ఆ మూట విప్పి చూడటమే ఈ వ్యాసంలో నా ప్రయత్నం.

మాది హనుమాన్ జంక్షన్. ఊరి పేరులోనే ఒక ఇంగ్లీషు మాట. విజయవాడ నుంచి ఏలూరు వెళ్లే పెద్ద రోడ్డుని నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసే చోటు. దిగి బస్సు మారేవాళ్లతో ఎప్పుడూ కదులుతూ ఉండే ఈ కూడలిలో ఎవరు ఎవర్ని పలకరించినా రెండో ప్రశ్న మాత్రం 'పిల్లలు సెటిలయ్యారా?' అనే. వచ్చే జవాబుని జాగ్రత్తగా వినండి. 'అబ్బాయి హైదరాబాదులో సెటిలయ్యాడు. అమ్మాయిని అమెరికాలో సెటిల్ చేశాం.' కొడుకు కర్త, కూతురు కర్మ. అమ్మాయికి ఉద్యోగమొచ్చినా సెటిలైందని అనరు. 'ఉద్యోగం చేస్తోంది, ఇంకా సెటిల్ చెయ్యాలి' అంటారు. ముప్పై దాటి, సాహిత్యంలో డాక్టరేట్ చేసి, నాలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్న నన్ను గురించి మా పెద్దమ్మ అనే మాటా ఇదే. ఆమెది ప్రేమే, సందేహం లేదు. నా అభ్యంతరం ఆ వాక్యంలో నాకిచ్చిన విభక్తి మీద.

ఈ వ్యాకరణం ఇంగ్లీషుతో వచ్చింది కాదు. పెళ్లయిన మగవాణ్ణి 'ఓ ఇంటివాడయ్యాడు' అంటాం, ఆడదాన్ని 'ఓ ఇంటిదైంది' అంటాం. ఇంటివాడు ఇల్లుగలవాడు, ఇంటిది ఇంటికి చెందినది. తెలుగులో ఏకవచనంలో స్త్రీకి, వస్తువుకి ఒకటే ప్రత్యయం కాబట్టి 'ఇంటిది' అన్నప్పుడు మనిషి ఎక్కడ ఆగిందో, సామాను ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. 'ఒక అయ్య చేతిలో పెట్టాం' అన్నప్పుడు ఆ మాత్రం అనుమానం కూడా మిగలదు. 'సెటిల్ చేశాం' అనేది ఈ పాత మాటలకి కొత్త ఇస్త్రీ. చదువుకున్న ఇంట్లో 'అయ్య చేతిలో పెట్టాం' అంటే నామోషీ, 'సెటిల్ చేశాం' అంటే హోదా.

అసలు మనుషుల్ని 'సెటిల్ చేయడం' ఈ డెల్టాలో ప్రభుత్వాలు చేసిన పనే. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక, ఎరుకల కుటుంబాలని తెచ్చి బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీ కింద ఉంచారు. ఆ ఊరిని 'సెటిల్మెంట్' అన్నారు. భూమి ఇస్తారు, పని చూపిస్తారు, హాజరు తీసుకుంటారు, బయటికెళ్లాలంటే అనుమతి చీటీ కావాలి. తిరిగే జనం ఒకచోట ఆగితే సంస్కారం వచ్చినట్టని పాలకుల లెక్క. అగ్రకుల గృహిణి పరిస్థితీ ఎరుకల స్త్రీ పరిస్థితీ ఒకటేనని నేననడం లేదు. వాళ్ల మీద పడ్డ పోలీసు కన్ను మన మీద పడలేదు. కానీ 'నీ మంచి కోసమే నిన్ను ఒకచోట కూర్చోబెడుతున్నాం' అనే వాదన ఎక్కడెక్కడ పనికొచ్చిందో గుర్తుపెట్టుకోవడం మంచిది.

మన సాహిత్యం ఈ మాటతో తలపడిందా? మాటతో కాకపోయినా దాని ఫలితంతో తలపడింది. ఓల్గా 'స్వేచ్ఛ' (1987)లో అరుణ పుట్టింటి ఆంక్షల నుంచి బయటపడదామని ఇష్టపడ్డవాణ్ణే పెళ్లి చేసుకుంటుంది. లోకం లెక్కలో ఆమె సెటిలైన చోటే నవలకి అసలు సమస్య మొదలవుతుంది. విజయవాడ రచయిత్రి పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఇంటిది అవడమంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన కథ నాకు తెలియదు. ఈ రెండు రచనలూ ఇంటి లోపలికి తీసుకెళ్లి మనకి కళ్లు తెరిపించాయి. అయితే ఆ ఇల్లు ఎవరి పేరున ఉంది, ఆ ఇంటికి అన్నం పెట్టే పొలం ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్న దగ్గర మన విమర్శ ఇంకా తటపటాయిస్తోందని నా ఫిర్యాదు. ఆ ప్రశ్నకి జవాబుండేది కథల్లో కన్నా రిజిస్ట్రారాఫీసులో.

అక్కడ 'సెటిల్మెంట్' అంటే ఒక దస్తావేజు. మన లేఖరులు దాన్నే దఖలు దస్తావేజు అని రాస్తారు. 1899 నాటి స్టాంపుల చట్టం ఇచ్చిన నిర్వచనం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వీలునామా కాకుండా, పెళ్లిని పురస్కరించుకుని గాని, కుటుంబంలో వాళ్లకి ఆస్తి పంచడానికి గాని, తన మీద ఆధారపడ్డవాళ్లకి జరుగుబాటు కోసం గాని, ధర్మకార్యం కోసం గాని ఆస్తిని రాసివ్వడం సెటిల్మెంట్. అంటే పెళ్లి, ఆస్తి, ఆధారపడటం - మూడూ ఒకే నిర్వచనంలో పక్కపక్కన కూర్చున్నాయి. కూడలిలో వినపడే మూట ఇక్కడ చట్టంలోనే కట్టి ఉంది.

మా ఇంట్లో నాకని అనుకున్న అరెకరం ఉంది. 'నీ పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద సెటిల్మెంట్ రాస్తాం' అని నాన్న ఎప్పటినుంచో అంటున్నాడు. తమ్ముడి వాటాకి అలాంటి షరతేమీ లేదు. నాకు పెళ్లి కాలేదు, కాబట్టి పొలమూ కాలేదు. ఇది మా ఇంటి ప్రత్యేకత కాదు, మా చుట్టుపక్కల మర్యాదగల ఇళ్లన్నిటి ఆనవాయితీ. చట్టం మాత్రం వేరే మాట చెబుతోంది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవాళ్లని పక్కనపెట్టింది. ఆ అడ్డు 2005 కేంద్ర సవరణతో పోయింది. 2005 నాటికి తండ్రి బతికుండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. అంటే ఉమ్మడి ఆస్తి వరకు, తండ్రి 'ఇచ్చేది' చాలాసార్లు కూతురికి ఉన్నదే. హక్కుని కానుకగా మార్చే పని 'సెటిల్' అనే మాట చేస్తోంది. కానుకకి కృతజ్ఞత చెప్పాలి, హక్కుకి లెక్క అడగొచ్చు. అన్నదమ్ముల పేరున హక్కు విడుదల కాగితం మీద సంతకం పెట్టే ఆడపడుచులు ఆ కృతజ్ఞతనే తీర్చుకుంటున్నారు.

ఈ మాటకి చివరి మెట్టు ఇంకోటుంది. కాపురం చెడి, దెబ్బలు తిని, పుట్టింటికొచ్చిన పిల్ల విషయంలో పెద్దమనుషులు కూర్చుంటారు. 498ఎ సెక్షన్ 1983లోనే వచ్చినా 'కేసులెందుకు, సెటిల్ చేసుకుందాం' అంటారు. స్థలాల దందాలతో బెజవాడలో పేరుమోసిన 'సెటిల్మెంట్' అనే మాటే ఇక్కడా. పెళ్లినాడు పిల్లని సెటిల్ చేశారు, ఈనాడు ఆమె దెబ్బలకి ఖరీదు సెటిల్ చేస్తున్నారు. రెండుసార్లూ ఆమె గదిలోపల, మాట్లాడేవాళ్లు వరండాలో.

అయినా ఒక కాగితాన్ని ఎదురుతిప్పి చదివించిన స్త్రీ మనకుంది. భర్త పోయాక భర్త సోదరుడి మీద జరుగుబాటుకి దావా వేసిన తులసమ్మకి, రాజీలో కొంత ఆస్తి అనుభవించేందుకు మాత్రమే ఇచ్చారు, అమ్మే హక్కు లేదన్నారు. ఆ ఆస్తికి ఆమే సంపూర్ణ హక్కుదారని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. జరుగుబాటు దయ కాదు, అంతకుముందే ఉన్న హక్కు అన్నది ఆ తీర్పులో వాదన. విమర్శకురాలిగా నేను నేర్చుకోదగ్గ పఠన పద్ధతి అది.

ఇక సెటిల్ అనే మాట మగవాళ్లకైనా నిలకడ ఇచ్చిందా? మన జిల్లాల నుంచి తుంగభద్ర ఆయకట్టుకి వెళ్లి రాయచూరు వైపు ఊళ్లు కట్టుకున్నవాళ్ల ఊళ్లని ఇప్పటికీ 'క్యాంపు'లనే పిలుస్తారు. తెలంగాణలో తరాలు గడిచినా పేరు 'సెటిలర్లే'. అమెరికాలో 'సెటిల్ చేసిన' కూతుళ్లలో హెచ్-4 వీసా మీద వెళ్లినవాళ్లకి 2015 వరకు ఆ వీసా మీద ఉద్యోగం చేసే హక్కే లేదు, తర్వాతా కొందరికే వచ్చింది. వీసా మారితే పెట్టె సర్దుకోవాల్సిన బతుక్కి మనం పెట్టుకున్న పేరు సెటిల్ అవడం.

మాటని మానేద్దామని నా ఉద్దేశం కాదు. మానేస్తే పని వేరే మాటతో సాగుతుంది. కథ రాసేవాళ్లు, కథ చదివి విమర్శ రాసేవాళ్లు ఆ వాక్యం వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి కర్త ఎవరో అడిగితే చాలు. మా పెద్దమ్మకి నేనిప్పుడు చెబుతున్న జవాబు అదే: 'నన్నెవరూ సెటిల్ చెయ్యక్కర్లేదు పెద్దమ్మా, నా అరెకరం నా పేరున రాయించండి, మిగతాది నేను కుదురుకుంటాను.'