రాక్షసుడి పక్కన నిలబడ్డ మనిషి

'కింగ్ కాంగ్' (1933) చూసినవాళ్లకి కాంగ్ గుర్తుంటాడు, ఫే రే కేక గుర్తుంటుంది. మరి ఆ దీవి నాయకుడు? ఆ బంగారు జుట్టు అమ్మాయిని ఇస్తే బదులుగా తమ ఆడవాళ్లలో ఆరుగురిని ఇస్తానని బేరం పెడతాడే, ఆయన. నటుడి పేరు నోబుల్ జాన్సన్, ఆఫ్రికన్ అమెరికన్. పాత్రకి మాత్రం పేరు లేదు.

ఒకసారి గుర్తుపట్టాక ఆ మొహం మనల్ని వదలదు. 'ద మమ్మీ' (1932)లో బోరిస్ కార్లాఫ్ చూపుకి లొంగిపోయే సేవకుడు ఆయనే. టైటిల్స్‌లో ఆ పాత్రని 'నూబియన్' అన్నారంతే. 'మర్డర్స్ ఇన్ ద రూ మోర్గ్' (1932)లో బేలా లుగోసీ పనివాడు. 'ద ఘోస్ట్ బ్రేకర్స్' (1940)లో జాంబీ. అన్నిటికంటే విచిత్రం 'ద మోస్ట్ డేంజరస్ గేమ్' (1932). అందులో తెల్లజాతి మేకప్ వేసుకుని రష్యన్ కొసాక్ ఇవాన్‌గా కనిపిస్తాడు.

కార్లాఫ్, మిర్నా లోయ్ చైనా వాళ్లలా వేషం కట్టి 'ద మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ' తీసింది కూడా అదే 1932లో. అలాంటి రోజుల్లో ఒక నల్లజాతి నటుడు తెల్లవాడి వేషం వేయడం పెద్ద విజయంలాగే అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఇవాన్ మూగవాడు. ద్వీపనాయకుడు మాట్లాడతాడు గానీ, ఓడ కెప్టెన్ అనువదిస్తే తప్ప మనకి అర్థం కాదు. నూబియన్, కొసాక్, దీవివాసి, జాంబీ: వేషం మారినా పని ఒకటే. 'మనవాడు కాదు' అనిపించేలా, భయం పుట్టేలా తెరమీద నిలబడాలి. చాలావరకు ఇంకొకరి ఆజ్ఞ పాటించాలి.

కాబట్టి పాత హారర్‌లో నల్లవాళ్లు లేరు అనడం సరికాదు. ఉన్నారు. లేనిది మాట. ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు మనం తెరమీద తలలు లెక్కపెడతాం. ఆ లెక్కలో జాన్సన్ ఒక్కడే నాలుగైదు జాతులుగా కనిపిస్తాడు!

అసలు బాధ ఇంకోచోట ఉంది. 1916లో ఈయనే తమ్ముడు జార్జ్‌తో, మరికొందరితో కలిసి లింకన్ మోషన్ పిక్చర్ కంపెనీ పెట్టాడు. నల్లజాతివాళ్లే నడిపిన తొలి సినిమా సంస్థల్లో అదొకటి. చదువుకున్న, ఆశలున్న నల్లజాతి మనుషుల కథలు తీశారు. తొలి చిత్రంలో హీరో జాన్సనే. చమురు బావుల మీద ఆశపెట్టుకున్న ఇంజనీరు పాత్ర. యూనివర్సల్‌లోనూ నటిస్తున్న ఆయన 1918లో లింకన్ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. తర్వాత కొన్నేళ్లకే కంపెనీ మూతపడింది. ఆ సినిమాలు దాదాపుగా పోయాయి. సేవకుడి వేషాలు మాత్రం ఇవాళ చక్కటి ప్రింట్లతో దొరుకుతాయి.

అందుకని ఆ సినిమాలు చూడొద్దని అనను. 'కింగ్ కాంగ్' మళ్లీ చూడండి. నాయకుడు పరదేశుల్ని గమనించి, పూజ ఆపించి, మెట్లు దిగి నడిచి వస్తాడు. మాక్స్ స్టైనర్ సంగీతం ఆయన అడుగు అడుగుకీ తాళం వేస్తుంది. ఆ కాసేపు సినిమా మొత్తం ఆయన నడకనే అనుసరిస్తుంది. ఆ నడకలో నాకు 1916 నాటి హీరో కనిపిస్తాడు.