గాజుతొట్టెలో కొండవాగు

రంగుచేపల దుకాణాలలో "అద్దం శుభ్రపరచే చేప" అని చూపి అమ్మేవాటిలో కొండవాగు లోచ్ ఒకటి. వీటిలో పేరుపొందిన సెవెల్లియా లీనియోలేటా జన్మస్థానం మధ్య వియత్నాం వాగులు. పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. ముందు వెనుక జత వాజాలు పళ్ళెపు అంచువలె పరచుకొని ఉండడంచేత, వడిగా పారే నీటిలో సైతం రాతిని కరచుకొని నిలువగలదు. ఈ వింతనే చూచి కొంటారు. చేప ఇంటికి వస్తుంది. ప్రవాహం మాత్రం రాదు.

భారత జంతుశాస్త్రజ్ఞుడు సుందర్ లాల్ హోరా (1896–1955) వడినీటి జంతువుల అంటుకొనే అవయవాలను గూర్చి 1930లో రాయల్ సొసైటీ పత్రికలో విపులంగా వ్రాశాడు. ప్రవాహాన్ని విడదీసి చూస్తే ఈ అవయవాలకు అర్థమే లేదు. నిలువనీటి తొట్టెలో లోచ్‌ను ఉంచడం, గాలి లేనిచోట గాలిపటాన్ని చూడబోవడం వంటిది.

ఈ లోపాన్ని గ్రహించిన అభిరుచిపరులు "నదితొట్టె" అనే అమరికను కల్పించారు. గులకరాళ్ళ అడుగున గొట్టాలు పరచి, ఒక చివర స్పాంజి తొడిగిన ముఖాల గుండా నీటిని పీల్చి, రెండవ చివర పంపులతో వెలికి త్రోస్తారు. నీరు అడుగున తిరిగివచ్చి, పైన ఒకే దిశలో పారుతుంది. సాధారణపు పంపు నీటిని సుడి తిప్పుతుందే కాని వాగును చేయలేదు. ఆ విధంగా చూస్తే ఇది తెలివైన కల్పనయే.

అయితే దీనిని మెచ్చుకొనేవారు వేడి సంగతి తగినంతగా పట్టించుకోరు. నీట మునిగిన పంపు వాడుకొనే విద్యుత్తు దాదాపు అంతా చివరకు నీటిలోనే వేడిగా మారుతుంది. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద 7.6 మాత్రమే. అదే సమయంలో చేపకు దాని అవసరం హెచ్చుతుంది. ప్రవాహం కోసం పంపులు పెంచినకొద్దీ, చల్లదనం తగ్గుతుందన్నమాట! స్పాంజి మూసుకొనిపోయినా, విద్యుత్తు ఆగినా, వాగు క్షణంలో మడుగవుతుంది.

"శుభ్రపరచే చేప" అన్న పేరు చేసే అపకారం ఇంతకంటె పెద్దది. రాతిమీది శైవలాల పొర, అందులో దాగిన సూక్ష్మజీవులు, చిన్న పురుగుల పిల్లలు - ఇవన్నీ కలిసి దీని ఆహారం. కొత్తగా అమర్చి, తళతళలాడేటట్లు తోమిన తొట్టెలో దీనికి తిండి ఉండదు. అద్దం మెరుస్తూనే ఉంటుంది, చేప పొట్ట లోపలికి పీక్కొనిపోతుంది. కొన్ని రాళ్ళను ఎండలో నీళ్ళబాల్చీలో నానవేసి, నాచు పట్టిన తరువాత మార్చి మార్చి తొట్టెలో పెట్టడం ఖర్చులేని ఉపాయం.

మే నెలలో గది నీరే 30 డిగ్రీలు దాటే మన ఊళ్ళలో, చల్లబరచే సాధనం లేని పాఠశాల ఈ చేపను కొనకపోవడమే మంచిది. సెలవులలో తాళం పడిన గదిలో స్పాంజిని కడిగేవారెవరు?