ఎద్దు ఎత్తుకు గొర్రు

చెనక్కాయ విత్తిన పది పన్నెండు రోజులకు అనంతపురం జిల్లా బెళుగుప్ప చుట్టుపక్కల ఏ గట్టు మీద నిలబడి చూసినా ఎర్ర నేలలో పచ్చటి గీతలు కనిపిస్తాయి. వాన మాట తప్పని ఏడాదిలో సుమా. కొన్ని చేలల్లో ఆ గీతలు గట్టు నుంచి గట్టు దాకా దారం పట్టి కొట్టినట్టుంటాయి. పక్క చేలో మూడు సాళ్ళు బాగానే ఉండి, నాలుగోది మాత్రం పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మూడో దాని మీదికే ఒరిగి ఉంటుంది. ఎద్దులు దారి తప్పితే నాలుగు సాళ్ళూ కలిసి వంకరపోతాయి. ఒక్క సాలే, చేను పొడవునా, ఒక్క వైపుకే ఒరిగిందంటే ఎద్దుల్ని అనుకోవడానికి లేదు, తోలినవాణ్ణి తిట్టడానికి లేదు. గొర్రు చేసిన వడ్రంగి ఒక బెజ్జం పక్కకు కొట్టాడు. ఆ తప్పు ఇప్పుడు మొలకెత్తింది. పంట పీకేదాకా దారినపోయేవాళ్ళందరూ దాన్ని చూస్తూనే ఉంటారు.

వడ్రంగం పనుల్లో తేరుకు మొక్కుంది, తలుపుకు మెప్పుంది. గొర్రును ఎవరూ కళ అనరు. కానీ అనంతపురం మెట్టసేద్యాన్ని తరతరాలు నడిపింది ఇదే. చూడ్డానికి ఏముంది? అడ్డంగా ఒక దిమ్మ. దానికి బెజ్జాలు కొట్టి బిగించిన నాలుగో ఆరో పళ్ళు. ప్రతి పంటి కొనకూ కమ్మరి తొడిగిన ఇనుప కర్రు. పళ్ళ వెనక నుంచి పైకి లేచే వెదురు గొట్టాలు, అవన్నీ కలిసే చోట జడ్డిగం అనే చెక్క గిన్నె, ముందుకు కాడి దాకా సాగే నొగ. ఒకరు ఎద్దుల్ని తోలుతుంటే, వెనక నడిచే మనిషి, చాలా ఊళ్ళలో ఆడమనిషి, ఒడిలోని విత్తనం పిడికిట పట్టి జడ్డిగంలోకి వదులుతూ పోతుంది. కర్రు చీల్చిన సాల్లోకి గొట్టంలోంచి గింజ జారుతుంది. వెంటనే గుంటక తోలి మన్ను కప్పుతారు.

మన సరిహద్దు దాటితే కన్నడం వాళ్ళు దీన్నే కూరిగె అంటారు. 1800-1801లో మైసూరు సీమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ దీని గురించి రాసుకున్నాడు. అంతకు ముందే కెప్టెన్ హాల్కాట్ అనే తెల్లదొర, విత్తనం గొర్రు ఐరోపావాళ్ళు ఈమధ్య కనిపెట్టినదని తాననుకునేవాణ్ణనీ, దక్షిణ దేశంలో గుర్రమెక్కి పోతూ ఒక చేలో అది మామూలుగా నడుస్తుంటే చూశాననీ రాశాడు. లండన్‌లోని బోర్డ్ ఆఫ్ అగ్రికల్చర్ ఆ లేఖను 1797లో అచ్చేసింది. 1971లో చరిత్రకారుడు ధరంపాల్ తన పుస్తకంలో దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చాడు. విత్తే యంత్రం అనగానే ఎక్కువగా వినిపించేది మాత్రం 1701 నాటి జెత్రో టల్ పేరే.

ఇంతకీ నేను గొర్రు దగ్గరికి వచ్చింది వేరే దారిలో. బిలియర్డ్స్ ఆటకు వాడే క్యూ కర్రలు చేసిన జార్జ్ బలబుష్కా గురించి చదువుతూ వచ్చాను. రష్యాలో 1912లో పుట్టి, 1924లో అమెరికా చేరి, 1959 నుంచి 1975లో పోయేదాకా క్యూలు చేశాడు. మొత్తం మీద చేసినవి వెయ్యి చిల్లర. ఆయన పేరు చెప్పి ఇవాళ ఒక్కో కర్రకు ఆస్తి ధర పలుకుతుంది. ఆ పనిలో గొప్పతనమంతా నగిషీలో ఉందనుకుంటాం. ఆ పని తెలిసినవాళ్ళు అలా అనరు. మేపుల్ కర్రను కొంచెం తరిమెన పట్టి నెలలపాటు వదిలేస్తారు. అది తన ఇష్టం వచ్చినట్టు వంగనిచ్చి, మళ్ళీ కొంచెం పడతారు. బరువు ఎక్కడ నిలవాలి, పిడి ఎంత లావుండాలి అన్నవి ఆడేవాడి చేతిని చూసి తేలుస్తారు. ఇంకొకడి చేతికి అదే కర్ర పరాయిదిగా ఉంటుంది. బెళుగుప్పలో బిలియర్డ్స్ బల్ల చూసినవాళ్ళు ఎందరుంటారో గానీ, ఇది చదువుతుంటే నాకు కళ్ళ ముందు ఆడింది మన వడ్రంగి సాల.

కొయ్య సంగతి మొదట. గొర్రు దిమ్మకు నల్లతుమ్మ మామూలు కొయ్య. దొరికితే నారేపి. ఈ మెట్ట అడవుల్లో పుట్టే నారేపి ఎంత గట్టిదంటే, ఆరిపోయాక ఉలి దిగడానికి మొరాయిస్తుంది. అందుకే బెజ్జాలు కొయ్య కాస్త పచ్చిగా ఉన్నప్పుడే కొట్టుకోవాలి. పళ్ళ పైకొనల్లో దిమ్మలోకి దిగే కుసులు మాత్రం బాగా ఆరిన చేవ నుంచే చెక్కాలి. పచ్చి బెజ్జం ఆరేకొద్దీ కుసిని పట్టేసుకుంటుంది. విత్తనాల పొద్దులో తడి తగిలితే ఆరిన కుసి ఉబ్బి ఇంకా బిగుస్తుంది. రెండూ ఒకే రోజు నరికిన కొయ్యయితే మొదటి ఏడాది బానే ఉంటుంది. రెండో ఏడు పన్ను ఊగుతుంది. ఊగే పన్ను గీసే సాలు కూడా వంకరే.

చేవ అన్న మాట మనం మనుషులకూ వాడతాం. వడ్రంగికి అది కళ్ళతో చూసే రంగు. బయటి తెల్ల చెక్కలో పురుగు పడుతుంది, లోపలి ముదురు ఎరుపు నిలుస్తుంది. తెల్లది కాస్తైనా కుసిలోకి రానిస్తే అక్కడే పుచ్చుతుంది. కొయ్య తక్కువై ఆ కాస్త వదిలేసినవాడి గొర్రు ఎన్నాళ్ళుంటుందో కొన్న రైతుకే తెలుస్తుంది.

పళ్ళన్నీ బిగించాక గొర్రును చదునైన బండ మీద నిలబెడతారు. అన్ని కొనలూ ఒక్కసారే బండను తాకాలి. ఒక కొన ఆనకుండా వేలెడు ఎత్తున ఉంటే ఆ సాల్లో గింజ పైపైన పడుతుంది, కాకులు ఏరుకుంటాయి. ఒక కొన ముందే ఆనితే అక్కడ గింజ లోతుకు పోయి ఆలస్యంగా మొలుస్తుంది. ఎర్ర నేలలో చెనక్కాయకు రెండంగుళాల లోతు చాలు. ఆ లోతులో పదును, వాన పడ్డాక, రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర కురిసే జిల్లా ఇది. ఆ రెండు రోజుల్లో చేను మొత్తం విత్తాలి.

లెక్క వేసి చూడండి. సాలుకూ సాలుకూ అడుగు ఎడం పెడితే ఎకరంలో సాళ్ళ పొడవు మొత్తం 13 కిలోమీటర్లు దాటుతుంది. నాలుగు పళ్ళ గొర్రుతో ఎకరం విత్తడానికి ఎద్దులూ, మనుషులూ మూడు కిలోమీటర్లకు పైగా నడవాలి. చెట్టుకూ చెట్టుకూ నాలుగంగుళాల ఎడం అనుకుంటే, ఎకరానికి లక్షా ముప్పై వేలకు పైగా గింజలు ఆ పిడికిలి లోంచి, ఆ గిన్నె లోంచి పోవాలి. మెరక పల్లాల చేలో ఇదంతా సమంగా జరగాలంటే భారమంతా జడ్డిగం మీద పడుతుంది. నన్నడిగితే వడ్రంగిని అంచనా కట్టాల్సింది దీనితోనే.

జడ్డిగం పిడికెడు గింజల్ని నాలుగు సమాన భాగాలు చెయ్యాలి, అదీ ఊగుతూ నడిచేటప్పుడు. మంచి పనివాడు గిన్నె అడుగు మధ్యలో కాస్త ఉబ్బెత్తు వదిలి, దాని చుట్టూ రంధ్రాలు తొలుస్తాడు. పడ్డ గింజ నడిమధ్య నిలవకుండా ఏదో ఒక దారి చూసుకుంటుంది. చెనక్కాయ పప్పుకు చేసిన గిన్నెలో కొర్రలు పోస్తే ధారగా కారిపోతాయి. జొన్నకు చేసిన దాంట్లో చెనక్కాయ ఇరుక్కుంటుంది. అందుకే ఒకే గొర్రుకు రెండు జడ్డిగాలు పెట్టుకున్న ఇళ్ళుండేవి.

గొట్టాల్లో ఇంకో చిక్కుంది. చివరి పళ్ళకు పోయే గొట్టాలు ఎక్కువ వాలుగా పడుకుంటాయి. గిన్నె పొట్టిగా కూర్చుంటే అవి మరీ చదునై, తడి గింజ దార్లో ఆగిపోతుంది. గిన్నెను పైకి లేపితే గింజ చక్కగా జారుతుంది గానీ, పొద్దంతా చెయ్యి ఎత్తి పట్టుకున్న ఆడమనిషి భుజం పడిపోతుంది. కాబట్టి గిన్నె ఎంత ఎత్తున ఉండాలో చెప్పేది విత్తే మనిషి మోచెయ్యి. ఇంట్లో ఎవరు విత్తుతారో వడ్రంగికి తెలియాలి. వెదురు కణుపుల్ని లోపల కాల్చి, నున్నగా తొలిచాడా లేదా అన్నది బయటికి కనపడదు. అది కూడా గింజకే తెలుస్తుంది.

ఇప్పుడు ఎద్దు. నొగ ఒక కొన గొర్రుకు, ఇంకో కొన కాడికి. కాడి ఎద్దు మెడ మీద. ఎద్దు పొడుగైతే నొగ ముందు భాగం లేస్తుంది, దానితోపాటు కర్రు మొన కూడా లేచి సాలు పైపైన పోతుంది. ఎద్దు పొట్టిదైతే మొన కిందికి పొడుచుకుంటుంది, లోతెక్కువై ఎద్దులు రొప్పుతాయి. అందుకే గొర్రు చేయించుకోవాలంటే రైతు ఎద్దుల్ని సాల ముందు నిలబెట్టి చూపించాల్సిందే. కాడిని నొగ కొనకు దగ్గరగా కడితే మొన దిగుతుంది, దిమ్మ వైపుకు జరిపి కడితే లేస్తుంది. ఈ కాస్త సవరణ రైతు చేతిలో ఉంటుంది. కానీ పన్ను దిమ్మలో ఏ వాలున కూర్చుందన్నది వడ్రంగి ఒకసారే తేల్చాలి. తర్వాత మార్చాలంటే కొత్త బెజ్జమే.

నేల కూడా అడుగుతుంది. బెళుగుప్పకు ఒకపక్క ఉరవకొండ దారిలో నల్లరేగడి, ఇంకోపక్క కళ్యాణదుర్గం దారిలో ఎర్ర చెలక. రేగడిలో వానకాలం వెళ్ళాక నిలిచిన తేమ మీద పప్పుశనగ వేస్తారు. గింజ ఇంకొంచెం లోతుకు దిగాలి, పంటికి మట్టి అంటుకోకూడదు. పన్ను సన్నగా, మొన నిటారుగా కావాలి. చెలకలో గులకరాయి తగిలితే అదే సన్నపన్ను విరుగుతుంది. ఒకే ఊరి వడ్రంగి రెండు రకాలూ చెయ్యగలిగితే ఇతర ఊళ్ళవాళ్ళు బండి కట్టుకుని వచ్చేవాళ్ళు.

గొర్రు ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. విత్తిన మూడు వారాలకు సాళ్ళ మధ్య కలుపుకు చిన్న గుంటకలు తోలతారు. ఊడలు దిగడం మొదలయ్యేలోపు, అంటే నెలన్నర లోపు, ఆ పని ముగియాలి. సాలు ఎడం ఎంతో గుంటక పార వెడల్పు దానికి తగ్గట్టు ఉండాలి. గొర్రు ఒకరి దగ్గర, గుంటక ఇంకొకరి దగ్గర చేయించుకున్న రైతుకు చెట్లు తెగాకే ఆ తేడా తెలిసేది. కంది కోసం గొర్రు వెనక తాడుతో కట్టుకునే విడి గొట్టం వచ్చే సాలుకు ఎంత చోటు వదలాలన్నదీ ఈ లెక్కలోదే. ఒక్క దిమ్మ మీద నాలుగు బెజ్జాల మధ్య కొలత పెట్టేటప్పుడు వడ్రంగి ఆ ఏడాది చేను మొత్తాన్ని గీస్తున్నాడు.

దీనికి కూలి ఎలా? ఊరి ఆయగాళ్ళలో ఒకడిగా వడ్రంగి కళ్ళంలో మేర తీసుకునేవాడు. పని చేసిన రోజు డబ్బులు కావు, పంట పండిన రోజు గింజలు. పండకపోతే అదీ అరకొరే. ఆ పద్ధతిలో కులం కట్టుబాటుంది, బేరమాడే హక్కు లేదు, దాన్ని తలుచుకుని మురిసిపోవడానికి ఏమీ లేదు. కానీ పనితనం మీద దాని ప్రభావం ఒకటుంది. బలబుష్కా క్యూ కొన్నవాడు దాన్ని పట్టుకుని ఏ ఊరికో పోతాడు. గొర్రు కొన్నవాడు పక్క వీధిలోనే ఉంటాడు. పన్ను ఊగితే ఏరువాక నాడు తెల్లవారుజామునే సాల ముందు నిలబడతాడు, ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది, వెనక ఇంకో నలుగురు ఉంటారు. తను చేసిన తప్పును ఇరవై ఏళ్ళపాటు తానే చీల కొట్టి సరిచేసుకోవాల్సిన పనివాడు, మొదటిసారి బెజ్జం కొట్టేటప్పుడే ఇంకోసారి కొలుస్తాడు.

ఇప్పుడు బెళుగుప్ప మిట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, చేలల్లో ట్రాక్టర్ గొర్రులు తిరుగుతున్నాయి. కరువు వచ్చినప్పుడల్లా ముందు అమ్ముడుపోయింది ఎద్దులే. మళ్ళీ కొనేవాళ్ళు ప్రతిసారీ తగ్గారు. రెండు రోజుల పదునులో ఇరవై ఎకరాలు విత్తాలంటే ట్రాక్టరే దిక్కు, అందులో వాదనకు చోటు లేదు. వెల్డింగ్ షాపులో చేసిన ఇనుప చట్రానికి పళ్ళు బోల్టులతో బిగిస్తారు, స్పానర్‌తో ఎడం మార్చుకోవచ్చు. వడ్రంగి ఒకసారే తేల్చాల్సిన పని, ఇక్కడ డ్రైవర్ విడత విడతకూ తేల్చుకుంటాడు. కొన్ని చోట్ల ఆ చట్రం వెనక పలక మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని చేత్తోనే గింజలు వదులుతుంటారు. జడ్డిగం పోయినా పిడికిలి పోలేదు.

పాత ఇళ్ళలో గొర్రు ఇంకా వసారా దూలానికి వేలాడుతూ కనిపిస్తుంది. పళ్ళకు కర్రులు ఉండవు, ఇనుము ఎప్పుడో అమ్మేసి ఉంటారు. కింద నిలబడి నొగ కొన చూస్తే, కాడితాడు ఒరుసుకుని పడ్డ గాళ్ళు వరసగా ఉంటాయి. కొనకు దగ్గరగా ఉన్నది బాగా లోతుగా, నున్నగా అరిగి ఉంటుంది. అది పొడుగాటి ఎద్దుల జత, చాలా ఏళ్ళు నడిచింది. తర్వాతది జానెడు వెనక్కి. ఆ తర్వాతది ఇంకా వెనక్కి, దిమ్మ వైపుకు. కరువు తర్వాత కరువుకు కొన్న ఎద్దులు పొట్టివయ్యాయి. అన్నిటికంటే వెనకున్న గాడి గోటితో గీసినంతే ఉంటుంది.