పువ్వు కోసి చూసే చదువు

తంగేడు కొమ్మ ఎవరి చేతికిచ్చినా ముందు పువ్వు చూస్తారు. మొక్కల్ని గుర్తుపట్టడం పనిగా పెట్టుకున్నవాళ్లు మాత్రం ముందు ఆకు మొదలు చూస్తారు. కాడ కొమ్మకు అతుక్కున్న చోట, రెండు పక్కలా చెవి తమ్మెల్లాంటి వెడల్పాటి పచ్చటి పొరలుంటాయి. పత్రపుచ్ఛాలంటారు వీటిని. తర్వాత జతలు జతలుగా ఉన్న చిన్నాకుల మధ్య నడి ఈనెను వేలితో తడుముతారు. ప్రతి జత మధ్యా నిలబడి ఉన్న చిన్న గ్రంథి ఒకటి తగులుతుంది. ఈ రెండు లక్షణాలూ కలిసి ఉంటే చాలు, పువ్వు లేకపోయినా అది తంగేడని చెప్పేయవచ్చు.

ఎందుకింత తతంగం, పసుపుపచ్చ పువ్వు చూస్తే తెలియదా అంటే, తెలియదు. రోడ్ల పక్కన నీడకోసం పెంచే సీమ తంగేడుకూ పసుపు పువ్వే. పెంటకుప్పల దగ్గర మొలిచే కసిందకూ అదే రంగు. వానలు పడగానే బంజర్లలో గుంపుగా లేచే తగిరిసకూ అంతే. ఈ నాలుగింటినీ విడదీయాలంటే రెండేసి దారుల్లో ఒకటి ఎంచుకుంటూ పోవాలి. ఈనె మీద, కాడ మీద ఎక్కడా గ్రంథి లేదా? సీమ తంగేడు. ఉంది, కానీ కాడ మొదట్లో ఒక్కటే ఉందా? కసింద. కాడ మొదట్లో కాక చిన్నాకుల జతల మధ్య ఉందా? అప్పుడు జతలు లెక్కపెట్టాలి. మూడే జతలైతే తగిరిస. ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఉండి, ప్రతి జత మధ్యా గ్రంథి కనిపిస్తే తంగేడు.

ఈ పద్ధతిని ‘కీ’ అంటారు. ప్రతి మెట్టులోనూ ఒకదానికొకటి పొసగని రెండు వాక్యాలుంటాయి. చేతిలోని మొక్కకు సరిపడేదాన్ని పట్టుకుని ముందుకు నడవాలి. ఫ్రాన్సు మొక్కల మీద లామార్క్ 1778లో తెచ్చిన పుస్తకం ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. రెండున్నర శతాబ్దాలైనా దీన్ని తోసిరాజన్న పద్ధతి రాలేదు. కారణం చిన్నదే. కీ మనిషిని జవాబు దగ్గరికి తీసుకెళ్లేలోగా మొక్కలో ఎక్కడెక్కడ ఏం చూడాలో నేర్పేస్తుంది. పదిసార్లు కీ పట్టుకుని నడిచినవాడి కళ్లు తర్వాత వాటంతటవే గ్రంథుల కోసం, పుచ్ఛాల కోసం వెతుకుతాయి.

ఇక పువ్వు. కళాశాలల్లో నిర్మాణం ఒక యూనిట్, పరాగసంపర్కం మరో యూనిట్, వర్గీకరణ ఇంకో యూనిట్. చేతిలో పువ్వూ సూదీ ఉన్నప్పుడు ఈ మూడూ వేర్వేరుగా ఉండవు. తంగేడు పువ్వునే విప్పి చూడండి. రక్షకపత్రాలు అయిదు, ఆకర్షణపత్రాలు అయిదు, కేసరాలు పది. ఆ పదీ ఒక్క తీరున ఉండవు. పైనున్న మూడు పేరుకే కేసరాలు. వాటిలో పుప్పొడి ఉండదు, వంధ్యకేసరాలు. మిగతావాటిలో కొన్ని పొట్టివి, కింది మూడు పొడుగైనవి. చేతి లెన్సు పెట్టి పరాగకోశాన్ని చూస్తే మరో వింత. ఉమ్మెత్తలో అయితే పరాగకోశం నిలువునా చీలి పుప్పొడి బయటపడుతుంది. తంగేడులో చీలిక ఉండదు, కొసన చిన్న రంధ్రం మాత్రమే ఉంటుంది.

ఈ రంధ్రం ఎందుకో తెలియాలంటే పొద్దున్నే తంగేడు పొద దగ్గర కాసేపు నిలబడాలి. ఈ పువ్వులో తేనె ఉండదు. వచ్చే కీటకానికి దక్కేది పుప్పొడే. నల్లటి తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో గట్టిగా కరిచిపట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఛాతీ కండరాలను మాత్రం వణికిస్తుంది. జుమ్మని ఒక పొట్టి శబ్దం. ఆ అదురుకు రంధ్రాల్లోంచి పుప్పొడి ఎగజిమ్ముతుంది. పొట్టి కేసరాల పుప్పొడి తుమ్మెద తిండికి. పొడుగు కేసరాలది దాని ఒంటి మీద, కాళ్లకు అందని చోట పడి, మరో పువ్వు కీలాగ్రానికి చేరుతుంది. తంగేడు ప్రజాతిలోని చాలా మొక్కల్లో కీలం కొన్ని పువ్వుల్లో కుడికి, కొన్నింటిలో ఎడమకు వంగి ఉంటుంది. పుప్పొడి పడ్డ పక్కకే మరో పువ్వు కీలాగ్రం తగలాలన్నది అందులోని ఏర్పాటు. తేనెటీగకు ఇలా వణికించే విద్య రాదు. వంగ పువ్వుల్లోనూ ఇలాంటి రంధ్రాలే ఉంటాయి, టమాటా పువ్వుకూ ఇలాంటి అదురే కావాలి. గాజు ఇళ్లలో టమాటా పండించేవాళ్లు ప్రత్యేకంగా బంబుల్ బీలను కొని వదలడం అందుకే.

ఇంత చూశాక రేలపువ్వును పక్కన పెట్టండి. అదీ పసుపే, అయిదు రేకులే, పది కేసరాలే. కానీ కింది మూడు కేసరాల కాడలు బాగా పొడుగ్గా, వంపు తిరిగి పువ్వు బయటికి వేలాడతాయి. తంగేడులో అలా ఉండవు. ఈ తేడాతో పాటు మరికొన్నింటిని లెక్కలోకి తీసుకుని, 1982లో ఇర్విన్, బార్నెబీ అనే అమెరికా శాస్త్రవేత్తలు అప్పటిదాకా ‘కేసియా’ అన్న ఒక్క ప్రజాతిలో ఉన్న వందల మొక్కల్ని మూడుగా విడగొట్టారు. రేల కేసియాలోనే మిగిలింది. తంగేడు, కసింద, తగిరిస, సీమ తంగేడు ‘సెన్నా’లోకి వెళ్లాయి. ఎండిన కాయలు చిట్లి గింజలు విసిరేవి మూడో ప్రజాతి అయ్యాయి. పాత పుస్తకంలో ఒక పేరు, కొత్త పుస్తకంలో ఒక పేరు ఏమిటని విద్యార్థులు విసుక్కుంటారు కానీ, ఆ మార్పు వెనక ఉన్నది ఒక కేసరం కాడ వంపు. ఎవరైనా ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.

ఇందులో మన గోదావరి ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటుంది. తంగేడు శాస్త్రనామం ‘సెన్నా ఆరిక్యులేటా’ పక్కన రాసే కర్త పేరు విలియం రాక్స్‌బర్గ్‌ది. ఆయన 1832లో వెలువడిన ‘ఫ్లోరా ఇండికా’లోనే దీన్ని సెన్నా అన్నాడు. తర్వాతి పండితులు ఆ మాట పక్కన పెట్టి నూటయాభై ఏళ్లు కేసియా అనే రాసుకుంటూ పోయి, చివరికి ఆయన దగ్గరికే వచ్చారు. పుస్తకం అచ్చయ్యేనాటికి ఆయన పోయి పదిహేడేళ్లయింది.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా 1776లో మద్రాసు వచ్చిన ఈ స్కాట్లండ్ మనిషి, 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా చాలా ఏళ్లు సామర్లకోటలో ఉన్నాడు. అక్కడే తోట వేశాడు, చుట్టుపక్కల కొండలూ తీరమూ తిరిగి మొక్కలు సేకరించాడు. ప్రతి మొక్కకూ స్థానికులు చెప్పిన తెలుగు పేరు రాసుకున్నాడు. మనవాళ్లయిన చిత్రకారుల్ని పెట్టుకుని బొమ్మలు వేయించాడు. 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా, మూడు వందల చిత్రాలతో వెలువడిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’కు పునాది ఆ పనే. ఆ బొమ్మల్లో మొక్క నిండు రూపం ఒక పక్క, విప్పిన పువ్వు, కోసిన అండాశయం, గింజ మరో పక్క ఉంటాయి. వాటిని గీసిన చేతుల పేర్లు మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు. ఇది ఆ సంప్రదాయంలోని పెద్ద లోటని నా అభిప్రాయం. పేర్లు చెప్పినవాళ్లదీ అదే గతి. సోమిద చెట్టు పేరు ‘సోయ్‌మిడా’ అని ప్రజాతి నామంగా ప్రపంచమంతా నిలిచింది, ఆ పేరు చెప్పిన మనిషి ఎవరో ఎక్కడా లేదు.

శాస్త్రనామాల పద్ధతి తెచ్చిన లిన్నేయస్ శిష్యుడు కోనిగ్ 1785లో కన్నుమూసిందీ ఈ ప్రాంతంలోనే, కాకినాడ జగన్నాథపురంలో. అంటే ఈ విద్య మన తీరానికి దాదాపు మూలపురుషుడి ఇంటినుంచే వచ్చింది.

సేకరించిన మొక్కను నిలవ చేయడమే హెర్బేరియం. చూడటానికి సులువు, చేస్తే తెలుస్తుంది. పువ్వూ కాయా ఉన్న కొమ్మను కోయాలి. చిన్న మొక్కయితే వేరుతో సహా పీకాలి. పాత వార్తాపత్రికల మధ్య పరిచి చెక్క ప్రెస్‌లో బిగించాలి. పరిచేటప్పుడే ఒక ఆకును బోర్లా తిప్పి పెట్టాలి, లేకపోతే అడుగు భాగంలోని నూగు, ఈనెలు ఎప్పటికీ కనిపించవు. కాగితాలు మొదటి వారం రోజూ మార్చాలి. వానాకాలంలో ఒక్క రోజు బద్ధకిస్తే బూజు పడుతుంది. కలబంద, జెముడు జాతులు ప్రెస్‌లో కూడా బతికే ఉంటాయి, ఆకులు రాల్చుకుని కొత్త చిగురు వేస్తాయి. వాటిని ముందు వేడినీళ్లలో ముంచి చంపాలి. ఎండాక సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పున్న అట్టకు దారంతో కుట్టాలి. రాలిన గింజల్ని చిన్న పొట్లంలో కట్టి అదే అట్టకు అంటించాలి.

అసలు ప్రాణం కింది మూలనున్న చీటీలో ఉంది. ఊరు, తేదీ, నేల రకం, మొక్క ఎత్తు, పువ్వు రంగు, స్థానికంగా ఏమంటారు, ఎవరు సేకరించారు, వారి వరస సంఖ్య. రంగు ఎండితే పోతుంది, ఎత్తు అట్ట మీద తెలియదు. చీటీ లేని నమూనా ఎంత అందంగా ఎండినా దాన్ని గడ్డికింద జమ కట్టాల్సిందే. గాంబుల్ 1915లో మొదలుపెట్టి, ఆయన పోయాక ఫిషర్ 1936లో ముగించిన మద్రాసు ప్రెసిడెన్సీ ఫ్లోరా ఇలాంటి అట్టల మీదే నిలబడింది. ఆంధ్ర కొండల్లో పనిచేసేవాళ్లు ఇప్పటికీ సంచీలో పెట్టుకు తిరిగే పుస్తకమది.

గుర్తించడం తప్పితే నష్టం ఏమిటో మందుల దుకాణంలో కనిపిస్తుంది. మన కాలనీల్లో ప్రహరీ వెంట నిటారుగా పెరిగే చెట్టును అందరూ అశోక అంటారు. అది నరమామిడి. ఒంటి ఆకు, అలలు అలలుగా ఉన్న అంచు, లేతాకుపచ్చ పువ్వులు. స్త్రీల వ్యాధులకు ఆయుర్వేదం చెప్పిన అశోక వేరు. దానిది నాలుగైదు జతల చిన్నాకులున్న సంయుక్త పత్రం, నారింజ రంగు పూలగుత్తి. ఆ గుత్తిలోని పువ్వులకు అసలు ఆకర్షణపత్రాలే ఉండవు, రంగంతా రక్షకపత్రాలది. చెట్టు ముందు నిలబడితే పొరపడే వీలే లేదు. బెరడు ముక్కలై సంచిలోకి చేరాక మాత్రం ఒకదాని బదులు ఇంకొకటి అమ్ముడుపోతుంది.

కొడిసపాలకూ ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడుకూ మధ్య తకరారు ఇంకా పాతది. రెండూ పాలు కారే చెట్లే, రెండింటికీ ఆకులు ఎదురెదురుగానే, రెండింటికీ తెల్ల పువ్వులే. విరేచనాలకు వాడేది కొడిసపాల బెరడు. పువ్వు తీసి గొంతు దగ్గర చూడాలి. అంకుడులో రేకుల మొదట్లో పీచు పీచుగా చీలిన పొలుసులుంటాయి, పరాగకోశాలు మొనలా కలిసి బయటికి పొడుచుకొస్తాయి. కొడిసపాలలో పొలుసులు లేవు, పరాగకోశాలు గొట్టం లోపలే దాగి ఉంటాయి. 1998లో ఢిల్లీలో 60 మందికి పైగా ప్రాణాలు తీసిన ఆవనూనె కల్తీలోనూ ఉన్నది ఇలాంటి పోలికే: ఆవగింజల్లో కలిసిన బలురక్కసి గింజలు. లెన్సు కింద బలురక్కసి గింజ మీద వల అల్లినట్టు గుంటలు కనిపిస్తాయి, ఆవగింజ నున్నగా ఉంటుంది.

పువ్వే లేని విత్తనమొక్కలూ ఉన్నాయి. తిరుమల–కడప కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమీని దూరం నుంచి చూసి ఈత అనుకునేవాళ్లుంటారు. చిన్నాకు తుంచి చూస్తే మధ్యలో ఒకే ఈనె, పక్క ఈనెలు లేవు, అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి. గింజలు కాయలో దాగవు, ఆకులాంటి భాగం అంచున బయటికే కనిపిస్తాయి. అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్న ఏకైక సైకస్ జాతి ఇదే.

ఫోన్లోని యాప్‌ల మాట ఇప్పుడు ఎవరైనా అడుగుతారు. తోటమొక్కల విషయంలో అవి బాగానే చెబుతాయి, వాడుకోవడంలో తప్పు లేదు. కానీ మనం తీసే ఫొటోలో ఈనె మీది గ్రంథి ఉండదు, అండాశయం అడ్డుకోత ఉండదు. బెండకాయను అడ్డంగా కోస్తే అయిదు గదులు, నడి ఇరుసుకు అంటిన గింజలు. దోసకాయలో గింజలు గోడ వైపు నుంచి. కందికాయను విప్పితే ఒక అంచు వెంటే వరస. కుటుంబాల్ని విడదీసేది ఇలాంటి తేడాలు. వీటికోసం కత్తీ లెన్సూ కావాలి.

వర్గీకరణలో బెంథామ్–హుకర్ 202 కుటుంబాల పద్ధతి పాతబడిందనీ, డీఎన్ఏ ఆధారంగా 2016లో సవరించిన 416 కుటుంబాల పద్ధతినే చెప్పాలనీ సిలబస్ సమావేశాల్లో వాదన నడుస్తుంది. రెండోది సరైనది, మొదటిది చేత్తో పట్టుకుని నేర్చుకోవడానికి వీలైనది, రెండూ చెప్పవచ్చు. నేను కోరేది వేరు. ప్రాక్టికల్ పరీక్షలో ముందుగా చెప్పి ఉంచిన పది కుటుంబాల పువ్వులిచ్చి బట్టీ పట్టిన పుష్పసంకేతం రాయించుకోవడం మానండి. కళాశాల ఆవరణలోదే, తరగతిలో ఎప్పుడూ చెప్పని మొక్క ఒకటి, సూది, బ్లేడు, లెన్సు, ఒక కీ పుస్తకం ఇచ్చి గంట సమయం ఇవ్వండి. పేరు తప్పినా సరే, విద్యార్థి ఏ మెట్టు దగ్గర ఏం చూసి ఎటు తిరిగాడో రాసినదానికి మార్కులు వేయండి.